ఫెయిర్ ఐల్‌లో వసంత వలస: రోజువారీ కబుర్లు, ఆగ్నేయ గాలి కోసం ఎదురుచూపులు

ఉత్తరగాలి
మే 10, రాత్రి 10:20

ఫెయిర్ ఐల్ నుంచి రాస్తున్నాను. స్కాట్లాండ్‌కి ఉత్తరాన, ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల మధ్య ఉన్న చిన్న దీవి ఇది. పొడవు సుమారు 5 కిలోమీటర్లు, వెడల్పు 3 కూడా ఉండదు. కాపురం ఉండేవాళ్లు అరవై మందికి లోపే. నేను ఉండేది అబర్డీన్‌లో. ఈసారి సెలవంతా ఇక్కడే గడపాలని వచ్చాను, జూన్ మొదటి వారం దాకా ఉంటాను. కనిపించినవన్నీ ఈ థ్రెడ్‌లో పెడతాను.

ఈరోజు వాయవ్య గాలి, బాగా చలి. ఇలాంటి గాలిలో తూర్పు నుంచి కొట్టుకొచ్చే పిట్టలు ఉండవు. కానీ తమ దారిన తాము పోయేవి పోతూనే ఉన్నాయి. గోడల మీద, గడ్డిలో ఎక్కడ చూసినా వీటియర్ అనే చిన్న పిట్టలే. వాటిలో గ్రీన్‌లాండ్ వైపు వెళ్లే పెద్ద రకం కొన్ని ఉన్నాయి. నిటారుగా నిలబడతాయి, రొమ్ము మీద నారింజ రంగు చిక్కగా ఉంటుంది. చలికాలం ఆఫ్రికాలో గడిపి వచ్చి, ఇక్కడ ఒకటి రెండు రోజులు మేసి, మళ్లీ సముద్రం మీదుగా ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ చేరతాయి. గుప్పిట్లో పట్టే పిట్టకి ఆ సముద్రం ఎలా కనిపిస్తుందో అనుకుంటూ చాలాసేపు చూశాను.

దక్షిణపు రేవు దగ్గర ఆర్కిటిక్ టెర్న్‌లు దిగాయి. బూనెస్ వాలు మీద పఫిన్‌లు బొరియల ముందు కూర్చుని ఉన్నాయి. మనం గడ్డిలో కదలకుండా కూర్చుంటే వాటంతటవే దగ్గరకొస్తాయి.

అందరూ ఎదురుచూసేది మాత్రం గాలి మారడం కోసం.

---

కొత్తపిట్ట
మే 11, ఉదయం 7:05

అన్నా, నేను ఈ మధ్యే పక్షులు చూడటం మొదలుపెట్టాను. చెట్లే లేని దీవికి అంత దూరం వెళ్లడం ఎందుకు? అడవిలో కదా పిట్టలు ఎక్కువ ఉండేది?

---

ఉత్తరగాలి
మే 11, మధ్యాహ్నం 2:40

మంచి ప్రశ్న. చెట్లు లేకపోవడమే ఇక్కడ మనకి కలిసొచ్చేది. వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఒకటి పెద్ద అడవిలో దిగితే ఎవరికీ కనపడదు. అదే పిట్ట ఇక్కడ దిగితే దాక్కోవడానికి ఉన్నవి ఒక రాతి గోడ, ఒక మురుగు కాలువ, ఎవరి పెరట్లోనో రూబార్బ్ అనే పెద్ద ఆకుల మొక్కల మడి, లేదా కొండచరియల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన సందులు. ఆ సందుల్ని ఇక్కడ 'జియో' అంటారు. గాలి తగలదు, కొట్టుకొచ్చిన నాచు మీద ఈగలుంటాయి కాబట్టి అలసిన పిట్టలు అక్కడ మేస్తాయి. చరియ అంచున బోర్లా పడుకుని కిందికి చూస్తే ఒక్కోసారి రెడ్‌స్టార్ట్, రాబిన్, ఫ్లైక్యాచర్ ఒకే రాయి చుట్టూ తిరుగుతుంటాయి.

చుట్టుపక్కల ఎటు చూసినా సముద్రమే. నార్వే తీరం 350 కిలోమీటర్ల పైనే. రాత్రంతా ఎగిరి అలసిన పిట్టకి తెల్లారేసరికి కనిపించే నేల ఇదొక్కటే.

ఈ దీవి విలువని మొదట లోకానికి చెప్పినవాడు విలియం ఈగిల్ క్లార్క్. ఎడింబరో మ్యూజియంలో పనిచేసేవాడు. 1905లో ఇక్కడికి వచ్చి, తర్వాత మళ్లీ మళ్లీ వచ్చాడు. దీవిలో వ్యవసాయం చేసుకునే వాళ్లకి పిట్టల్ని గుర్తుపట్టి రాసిపెట్టడం నేర్పాడు. నన్ను ఎక్కువ కదిలించేది మాత్రం జార్జ్ వాటర్‌స్టన్ కథ. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో క్రీట్ దీవిలో జర్మన్లకు పట్టుబడ్డాడు. ఖైదీల శిబిరంలో కూర్చుని, ఈ దీవిలో పక్షి పరిశీలన కేంద్రం ఎలా పెట్టాలో కాగితాల మీద పథకం వేశాడు. జబ్బు చేస్తే 1943లో విడిచిపెట్టారు. ఇంటికి తిరిగొచ్చే ఓడలోంచి అతనికి మొదట కనిపించిన స్కాట్లాండ్ నేల ఫెయిర్ ఐలే. 1947లో దీవిని కొన్నాడు, 1948లో నౌకాదళం వదిలేసిన గుడిసెల్లో కేంద్రం తెరిచాడు, 1954లో దీవిని నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్‌కి అప్పగించాడు. అప్పటి నుంచి సీజన్లో ప్రతి సాయంత్రం ఆ రోజు కనిపించిన పిట్టల లెక్క రాస్తూనే ఉన్నారు.

2019 మార్చి 10న ఆ కేంద్రం భవనం పూర్తిగా కాలిపోయింది. మనుషులకి ఏమీ కాలేదు. భవనం లేని రోజుల్లో కూడా పిట్టల లెక్క ఆగలేదు. కొత్త భవనం మళ్లీ అదే చోట లేచింది.

---

కొల్లేటి మాస్టారు
మే 11, రాత్రి 8:15

బాబూ, చాలా బాగా రాశావు. ప్రతి సాయంత్రం లెక్క రాయడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. మన కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. పెలికాన్లు, కొంగల సంఖ్య అందరూ రాస్తారు. గట్టున తుమ్మ పొదలో తిరిగే చిన్న పిట్ట ఏ తేదీకి వచ్చిందో, ఏ తేదీకి వెళ్లిందో రాసేవాళ్లు ఎంతమంది? నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా కైకలూరు చుట్టుపక్కల ఇంకెవరైనా రాశారేమోనని వెతికితే ఒక్కరూ దొరకలేదు.

ఆ లెక్క అక్కడ ఎలా రాస్తారో వివరంగా చెప్పు నాయనా.

---

ఉత్తరగాలి
మే 12, రాత్రి 11:00

మాస్టారూ, నమస్కారం.

పొద్దున్నే దీవిని భాగాలుగా పంచుకుంటారు. కేంద్రం వాళ్లు ఒక్కో భాగంలో ఒక్కొక్కరు గోడ వెంబడి నడుస్తూ కనిపించిన ప్రతి పిట్టనీ లెక్కపెడతారు. అరుదైనవే కాదు, మామూలువి కూడా. సాయంత్రం అందరూ ఒకచోట కూర్చుంటే ఒకరు జాబితాలోని పేర్లు వరసగా చదువుతారు. పేరు వినపడగానే ఎవరి అంకె వాళ్లు చెప్తారు. ఒకే పిట్టని ఇద్దరు చూసి ఉంటే అక్కడే తేల్చుకుంటారు. వచ్చిన అతిథులు, దీవి రైతులు కూడా తమ పెరట్లో చూసింది చెప్తారు. ఏమీ కనపడకపోతే 'సున్నా' అని రాస్తారు. ఆ సున్నా కూడా విలువైనదే.

ఇది కాక వలల రౌండ్ ఉంటుంది. గోడల పక్కన తీగ వలతో కట్టిన గరాటు లాంటి పెద్ద బోనులు ఉన్నాయి. ముందు వెడల్పుగా, పోనుపోను సన్నగా, చివర ఒక పెట్టె. పొదల్లో ఉన్న పిట్టల్ని నెమ్మదిగా తోలుకుంటూ వెళ్తే పెట్టెలోకి చేరతాయి. వాటిని హెలిగోలాండ్ ట్రాప్‌లు అంటారు. జర్మనీకి చెందిన హెలిగోలాండ్ దీవిలో మొదట కట్టారు కాబట్టి ఆ పేరు. పిట్ట కాలికి అంకె ఉన్న చిన్న లోహపు రింగు వేసి, రెక్క కొలిచి, బరువు చూసి వదిలేస్తారు. కొన్ని నిమిషాల పని.

ఈరోజు జాబితాలో చెప్పుకోదగ్గది లేదు. గాలి ఇంకా వాయవ్యమే. స్వాలోలు మాత్రం చలికి నేలకి ఆనుకుని ఎగురుతున్నాయి, ఈగల కోసం గొర్రెల కాళ్ల మధ్య నుంచి.

---

నార్వే శ్రీను
మే 13, ఉదయం 6:30

ఉత్తరగాలి గారూ, రేపు రాత్రి నుంచి మీ గాలి మారుతుంది, సిద్ధంగా ఉండండి.

నేను హౌగెసుండ్‌లో ఉంటాను. మా ఎదురుగా సముద్రంలో ఉట్సీరా అనే దీవి ఉంది. రెండు వందల మంది జనాభాతో నార్వేలోకెల్లా చిన్న మునిసిపాలిటీ. అక్కడ ఇప్పటిదాకా 300కు పైగా జాతుల పక్షులు కనిపించాయి. బీబీసీ రేడియోలో ఓడలకి చదివే వాతావరణ సూచన వింటే మీ దీవి పేరూ మా దీవి పేరూ రెండూ వినిపిస్తాయి. ఉట్సీరా పేరుతో రెండు ప్రాంతాలు 1984లో చేర్చారు.

కొత్తవాళ్ల కోసం గాలి సంగతి కొంచెం చెప్తాను. స్కాండినేవియా మీద అధిక పీడనం కూర్చుంటే ఇక్కడ ఆకాశం తేటగా ఉంటుంది. డెన్మార్క్, ఉత్తర జర్మనీలో ఆగిన పిట్టలు చీకటి పడగానే ఉత్తరానికి బయల్దేరతాయి. చిన్న పిట్టల్లో చాలామటుకు రాత్రుళ్లే ప్రయాణం. అధిక పీడనానికి దక్షిణపు అంచున గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వీస్తుంది. నార్వేకి పోవాల్సిన పిట్ట నెమ్మదిగా పడమటికి, సముద్రం మీదికి జరిగిపోతుంది. తెల్లవారుజామున మీ దగ్గర వానో పొగమంచో తగిలితే ఇక ముందుకు పోలేదు, ఎక్కడ నేల ఉంటే అక్కడ దిగిపోతుంది. గాలి ఒక్కటే సరిపోదు. ఆకాశం తేటగా ఉంటే మీ దీవి మీదుగా ఎగిరి వెళ్లిపోవచ్చు కూడా. బయల్దేరిన చోట తేట ఆకాశం, మధ్యలో ఆగ్నేయ గాలి, మీ దగ్గర వాన. ఈ మూడూ కలవాలి.

ఫెయిర్ ఐల్ కేంద్రానికి మొదటి వార్డెన్‌గా పనిచేసిన కెన్నెత్ విలియమ్సన్ ఈ కొట్టుకుపోవడం గురించి అక్కడి లెక్కలతోనే చాలా రాశాడు.

---

చెరువుగట్టు
మే 13, మధ్యాహ్నం 1:10

శ్రీను అన్నా, మస్తుగ చెప్పినవ్. అమీన్‌పూర్ చెరువు కాడ మేం గాలి దిక్కే చూడం. ఎండ ఎక్కే లోపల చూసి రావాలన్న తొందర ఒక్కటే ఉంటది. ఇప్పుడైతే ఇక్కడ వలస పిట్టలన్నీ ఖాళీ. ఉత్తరగాలి అన్నా, ఫొటోలు పెట్టు.

---

ఉత్తరగాలి
మే 15, రాత్రి 11:30

బ్లూథ్రోట్‌లు దిగాయి!

శ్రీను గారు చెప్పినట్టే రాత్రి గాలి ఆగ్నేయానికి తిరిగింది. తెల్లవారుజామున సన్నటి వాన, దక్షిణపు లైట్‌హౌస్ కూడా కనపడనంత పొగమంచు. ఇక్కడ ఇప్పుడు నాలుగున్నర లోపే తెల్లారిపోతుంది. మొదటి మడి గోడ పక్కనే ఒకటి కనిపించింది. మగది. గొంతంతా మెరిసే నీలం, మధ్యలో ఇటుక రంగు చుక్క. తోక పైకెత్తి, నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, మళ్లీ పరిగెత్తి. తర్వాత కాలువలో ఇంకోటి, రూబార్బ్ మడిలో ఆడది. సాయంత్రం లెక్కలో దీవి మొత్తం మీద 9 అయ్యాయి. వాటితో పాటు ఒక రైనెక్, రెండు రెడ్-బ్యాక్డ్ ష్రైక్‌లు, పొలం గోడల పొడుగునా విల్లో వార్బ్లర్లు, పైడ్ ఫ్లైక్యాచర్లు.

మొదటి బ్లూథ్రోట్ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. తడిసి ఉంది, నన్ను పట్టించుకోకుండా మేస్తోంది. ఇలాంటి పిట్టని వెంటపడి లేపకూడదు. దానికి ఇప్పుడు కావలసింది తిండి, మనకి కావలసింది ఫొటో. రెండింట్లో ఏది ముఖ్యమో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఫొటో ఒక్కటే పెడుతున్నాను, దూరం నుంచి తీసింది.

---

చెరువుగట్టు
మే 16, ఉదయం 6:00

అన్నా! ఇది మా పిట్టనే! చలికాలం మా చెరువు గట్టు మీద తుంగలో ప్రతి ఏడాది ఉంటది. కాకపోతే ఇక్కడ గొంతు రంగు ఇంత పూర్తిగా ఉండదు, మార్చి దాకా ఆగితేనే కొంచెం నీలం ఎక్కుతది. దాని సంపూర్ణ రూపం నేను ఇప్పుడే చూస్తున్న. అసలు మనకాడికి వచ్చేవీ ఆ దీవిల దిగేవీ ఒకటేనా?

---

రెక్కలచప్పుడు
మే 16, ఉదయం 10:45

అంత తేలిగ్గా ఒకటే అనలేం తమ్ముడూ. బ్లూథ్రోట్ నార్వే నుంచి అలాస్కా దాకా గూడు కట్టే పిట్ట. తెలంగాణలో నువ్వు చూసేది సైబీరియా నుంచి వచ్చినదైనా కావచ్చు. కానీ నీ ప్రశ్న ఊరికే పోలేదు. నార్వేలో గూడు కట్టే ఎర్రచుక్క బ్లూథ్రోట్‌లకి జియోలొకేటర్లు కట్టి చూశారు. జియోలొకేటర్ అంటే వీపు మీద పెట్టే గ్రాము కంటే తక్కువ బరువున్న పరికరం. వెలుతురు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో రాసుకుంటుంది, దాన్ని బట్టి పిట్ట ఎక్కడుందో లెక్క కడతారు. 2015లో అచ్చయిన ఆ ఫలితాల్లో అవి ఆఫ్రికాకి పోలేదు. ఆగ్నేయంగా ఎగిరి పాకిస్తాన్, భారత్ వైపు వచ్చాయి. అంటే ఉత్తరగాలి గారి ముందు పరిగెత్తిన పిట్ట ఈ జనవరిలో మన ఉపఖండంలో ఏదో కాలవ గట్టున తిరిగి ఉండటానికి మంచి అవకాశం ఉంది.

పశ్చిమ యూరప్ నుంచి వలస అనగానే అందరి చూపూ దక్షిణానికి, ఆఫ్రికాకి పోతుంది. అటు వెళ్లేవే ఎక్కువ, నిజమే. కానీ తూర్పు దారి ఒకటుంది, ఆ దారి చివర మనం ఉన్నాం. ఆ దారిన పోయే జాతుల జాబితా చూడండి: కామన్ రోజ్‌ఫించ్, రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, గ్రీనిష్ వార్బ్లర్, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, బ్లాక్-హెడెడ్ బంటింగ్, గులాబీ గోరింక. ఇవన్నీ చలికాలం భారతదేశంలో గడుపుతాయి. ఇవన్నీ ఫెయిర్ ఐల్ జాబితాలోనూ ఉన్నాయి.

ఇంకో మాట. ఒకే జాతి అయినంత మాత్రాన ఒకే దారి అనుకోకూడదు. స్కాండినేవియాలోని రెడ్-నెక్డ్ ఫలరోప్‌లు చలికాలానికి అరేబియా సముద్రం వస్తాయి. షెట్లాండ్‌లో ఫెట్లార్ దీవి ఫలరోప్‌లూ అక్కడికే పోతాయని అనుకునేవాళ్లు. 2012లో కట్టిన పరికరం 2013లో దొరికితే, ఆ పిట్ట అట్లాంటిక్ దాటి అమెరికా తీరం వెంబడి దిగి, పసిఫిక్‌లో ఈక్వడార్, పెరూ దగ్గర చలికాలం గడిపిందని తేలింది. రానూపోనూ సుమారు 25 వేల కిలోమీటర్లు.

---

కొల్లేటి మాస్టారు
మే 16, రాత్రి 9:00

అమ్మా, గులాబీ గోరింకలు ఆ దీవికి కూడా పోతాయా? జొన్న కంకి పాలు పోసుకునే వేళకి మబ్బులా వచ్చి పడతాయి. చిన్నప్పుడు మంచె మీద కూర్చుని వాటిని తోలడమే మా పని. రైతులు తిట్టుకునేవాళ్లు, కానీ పొలంలో మిడతల్ని ఏరేసేవీ అవే.

---

రెక్కలచప్పుడు
మే 17, ఉదయం 8:20

పోతాయి మాస్టారూ. ఏప్రిల్ కల్లా మన దగ్గర్నుంచి బయల్దేరి మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో, మిడతలు ఎక్కువున్న చోట గుంపులుగా గూడు కడతాయి. కొన్ని ఏళ్లలో అక్కడ ఆగకుండా పడమటికి సాగిపోతాయి. 2018లోనూ 2020లోనూ అలాగే బ్రిటన్ దాకా చాలా వచ్చాయి. మే చివర, జూన్ మొదట చూడాలి. ఉత్తరగాలి గారూ, గోరింకల గుంపుల్లో ఒక కన్నేసి ఉంచండి.

---

ఉత్తరగాలి
మే 21, రాత్రి 10:50

ఐదారు రోజులుగా రాయలేదు, రాయడానికి పెద్దగా లేదు. గాలి మళ్లీ పడమర. బ్లూథ్రోట్‌లు వెళ్లిపోయాయి, ఒక ష్రైక్ మాత్రం మిగిలింది.

ఈ ఖాళీలో సముద్రపు పక్షుల వైపు నడిచాను. సంతోషంగా రాయలేని విషయం. 1980ల చివర్లో ఇక్కడ 18 వేలకు పైగా కిట్టివేక్ జంటలుండేవి. ఇప్పుడు చరియల్లో ఖాళీ గట్లే ఎక్కువ, వెయ్యి జంటలు కూడా లేని సంవత్సరాలు వచ్చాయి. పఫిన్‌లు కూడా ఆ కాలంతో పోలిస్తే సుమారు సగానికి తగ్గాయి. సముద్రం వేడెక్కి శాండ్‌ఈల్ అనే చిన్న చేప దొరకడం తగ్గింది. పిల్లలకి పెట్టే తిండి అదే. దానికి తోడు 2021, 2022లో బర్డ్ ఫ్లూ గ్రేట్ స్కువాల్ని షెట్లాండ్ అంతటా ఊడ్చేసింది. కొండ మీద నడిచేటప్పుడు ఇంతకుముందు స్కువాలు తల మీదికి దూకేవట, ఈసారి చాలా దూరం నడిచినా తల వంచాల్సిన పని పడలేదు.

2024 మార్చిలో స్కాట్లాండ్ ప్రభుత్వం తన జలాలన్నిటిలో శాండ్‌ఈల్ వేట ఆపేసింది. ఈ దీవి జనమే ఏళ్లతరబడి పట్టుబట్టి చుట్టూ ఉన్న సముద్రాన్ని 2016లో రక్షిత ప్రాంతంగా చేయించుకున్నారు. అందుకు వాళ్ల దగ్గరున్న ఆధారాల్లో ఈ రోజువారీ లెక్కలూ ఉన్నాయి. మాస్టారు అడిగిన ప్రశ్నకి నాకు తోచిన జవాబు అదే: రాసిపెట్టి ఉంటేనే, పోయిందని చెప్పగలం.

---

నార్వే శ్రీను
మే 22, ఉదయం 7:00

ఉట్సీరా చుట్టూ కూడా కిట్టివేక్ కథ ఇంతే. అండీ, 27 తర్వాత మళ్లీ తూర్పు గాలి కనిపిస్తోంది, ఈసారి కొన్ని రోజులు నిలబడేలా ఉంది. నెలాఖరు కాబట్టి వార్బ్లర్లు వస్తాయి: ఇక్టరీన్, మార్ష్. రోజ్‌ఫించ్ కూడా.

---

ఉత్తరగాలి
మే 29, మధ్యాహ్నం 3:15

అందరూ ఒకసారి ఈ రికార్డింగ్ వినండి. దక్షిణాన ఒక ఇంటి పెరట్లో రూబార్బ్ మడి. ఉదయం నుంచి అందులో ఒక అక్రోసెఫాలస్ వార్బ్లర్ తిరుగుతోంది, ఒకదానికొకటి బాగా పోలికగా ఉండే వార్బ్లర్ల గుంపు అది. గోధుమ రంగు, గీతలు లేవు, బయటికి వచ్చేది క్షణం సేపే. కేంద్రం వాళ్లు, నేను, ఇంకొందరు గోడ బయటే నిలబడి చూస్తున్నాం. మార్ష్ అని కొందరు, బ్లైత్స్ రీడ్ అని కొందరు. పాట లేదు, అప్పుడప్పుడు ఒక్క పిలుపు. గాలి హోరు ఎక్కువ ఉంది, నలభయ్యో సెకను దగ్గర వినండి.

---

చెరువుగట్టు
మే 29, రాత్రి 8:02

బ్లైత్స్ రీడ్ అన్నా. నూటికి నూరు.

సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మా ఇంటి ఎనక సీతాఫలం చెట్ల, కంచె మీద తీగల పొద్దంత ఇదే వినబడతది. చెక్, చెక్, చెక్. నాలుక అంగిట్ల కొట్టినట్టు గట్టిగ. కండ్లు మూసుకొని చెప్త.

---

నార్వే శ్రీను
మే 29, రాత్రి 8:40

తమ్ముడూ, నీ చెవి మీద నమ్మకం ఉంది. కానీ మార్ష్ వార్బ్లర్ కూడా ఇలాంటి చిన్న పిలుపు పిలుస్తుంది, తేదీ కూడా దానికి సరిపోతుంది. ఆగ్నేయ ఆఫ్రికా నుంచి వచ్చే మార్ష్‌లు ఉత్తర దీవుల్లో కనిపించేది ఇప్పుడే. ఉత్తరగాలి గారూ, ఫొటో ఉంటే రెక్క ముడిచినప్పుడు పొడవు ఈకలు ఎంత బయటికి కనిపిస్తున్నాయో చూడండి. బ్లైత్స్‌కి రెక్క పొట్టి, మార్ష్‌కి పొడుగు, అంచుల్లో లేత రంగు. కనుబొమ గీత కంటికి ముందు లావుగా ఉబ్బినట్టుంటే బ్లైత్స్.

---

రెక్కలచప్పుడు
మే 29, రాత్రి 9:25

రికార్డింగ్‌ని సోనోగ్రామ్‌గా, అంటే శబ్దాన్ని బొమ్మగా మార్చి హైదరాబాద్‌లో చలికాలం తీసిన బ్లైత్స్ పిలుపుల పక్కన పెట్టాను. ఆకారం బాగా దగ్గరగా ఉంది. చెరువుగట్టు వైపే నా మొగ్గు. ఒక మనవి: దయచేసి ఎవరూ ఫోన్‌లో పిలుపు వినిపించి దాన్ని బయటికి రప్పించకండి.

---

ఉత్తరగాలి
మే 29, రాత్రి 11:50

ఇక్కడ ఎవరూ ఆ పని చేయరు. అసలు ఇంటివాళ్లు రమ్మంటేనే పెరటి గోడ దగ్గరికి పోతారు, పంట ఉన్న మడిలో కాలు పెట్టరు, గేటు తీస్తే మూస్తారు.

ఫొటోలో రెక్క పొట్టిగానే ఉంది. అయితే లెక్కలో ఇవాళ్టికి 'బ్లైత్స్ లేదా మార్ష్' అనే రాశారు. రేపు పొద్దున వల కడతారట.

---

ఉత్తరగాలి
మే 30, ఉదయం 9:10

వలలో పడింది. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్!

రెక్కని విప్పి చూపించారు. మూడో ఈక, నాలుగో ఈక రెండింటి బయటి అంచులోనూ నొక్కు ఉంది. మార్ష్‌కి మూడోదానికి మాత్రమే ఉంటుంది. రింగు వేసి అదే మడిలో వదిలారు, వెంటనే మేత మొదలుపెట్టింది.

చెరువుగట్టూ, నీ మాట ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. హైదరాబాద్‌లో ఇంటి వెనక ప్రతిరోజూ వినే పిట్ట అంటే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ప్రశ్నల మీద ప్రశ్నలు: ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, చలికాలం పాడుతుందా అని. నాకు తెలిసింది చెప్పాను, మిగతావి నిన్ను అడుగుతానన్నాను.

బ్రిటన్‌లో ఈ పిట్ట మొట్టమొదట దొరికింది కూడా ఈ దీవిలోనే, 1910 సెప్టెంబర్‌లో. చాలాకాలం అది మహా అరుదు. ఇప్పుడు ఫిన్లాండ్ దాకా గూడు కట్టడం పెరిగి పడమటికి జరుగుతోంది కాబట్టి ఇక్కడ ప్రతి ఏడూ కనిపిస్తోంది.

---

చెరువుగట్టు
మే 30, ఉదయం 10:30

చేతులు వణుకుతున్నయ్ అన్నా.

వాళ్లకు చెప్పు: నేను రాసుకున్న లెక్కల మొదటి పిలుపు సెప్టెంబర్ రెండో సగంల, ఆఖరిది ఏప్రిల్ నెలాఖరుకు. పోయే ముందర, ఏప్రిల్ల, పొద్దున పూట పొదల పాడుతది. పూర్తి పాట కాదు, సన్నగ, ఒకే ముక్కను నాలుగైదు సార్లు తిప్పి తిప్పి. ఎండ ముదిరినంక వినబడదు. ఒకనాడు పొద్దున లేస్తే ఇంటి ఎనక చప్పుడు ఉండదు, అంతే.

---

కొల్లేటి మాస్టారు
మే 30, మధ్యాహ్నం 12:00

బ్లైత్ పేరు ఎక్కడో విన్నట్టుంది. కలకత్తా మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ కదా? ఏషియాటిక్ సొసైటీ సేకరణలకు ఆయనే క్యూరేటర్. పిట్టకి మన దేశంలో పనిచేసిన మనిషి పేరే పెట్టారన్నమాట.

నా నోటుపుస్తకాలు తిరగేశాను. కైకలూరు వైపు కూడా ఏప్రిల్ చివరి వారమే ఆఖరి తేదీ. కొన్నేళ్లు మే మొదటి రోజుల్లో ఒకటీ అరా. ఈ తేదీలు ఎవరికైనా పనికొస్తాయా అమ్మా?

---

రెక్కలచప్పుడు
మే 30, మధ్యాహ్నం 1:35

పనికొస్తాయా అని అడుగుతున్నారా మాస్టారూ! ఏప్రిల్ చివర మీ పొద ఖాళీ అవుతుంది, మే నెలాఖరుకి ఫిన్లాండ్‌లో పాట మొదలవుతుంది. మధ్యలో నెల రోజులు. ఆ నెలలో ఎక్కడ ఆగింది, ఎంత వేగంగా పోయింది అన్నది తెలియాలంటే రెండు చివర్లా తేదీలు కావాలి. ఫిన్లాండ్ చివర రాసేవాళ్లు బోలెడుమంది. మన చివరే పల్చగా ఉంది. పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తెలుగు రాష్ట్రాల చిన్న పిట్టల లెక్కలు డిసెంబర్, జనవరిలో చాలా ఉంటాయి, ఏప్రిల్ 15 దాటితే జాబితాలే పడిపోతాయి. ఎండలకి ఎవరూ బయటికి రారు. పిట్ట పోయిందో, చూసేవాడు పోయాడో తేడా తెలియట్లేదు.

అందుకని ఒక ఉమ్మడి పట్టిక తెరుస్తున్నాను. తూర్పు దారిన పోయే ఆ జాతులకి మాత్రమే. ఊరు, చూసిన తేదీ, విన్నదా చూసిందా, వెతికినా కనపడని తేదీ. చివరి గడి తప్పకుండా నింపాలి.

---

కొత్తపిట్ట
మే 30, సాయంత్రం 6:20

నాలాంటి కొత్తవాళ్లు కూడా రాయొచ్చా అక్కా? మాది వికారాబాద్ దగ్గర. వార్బ్లర్లు అన్నీ నాకు ఒకేలా కనిపిస్తాయి.

---

రెక్కలచప్పుడు
మే 30, సాయంత్రం 6:55

తప్పకుండా. నువ్వు బ్లాక్-హెడెడ్ బంటింగ్‌తో మొదలుపెట్టు. నల్ల తల, పసుపు పొట్ట, మగదాన్ని గుర్తుపట్టడం తేలిక. మీ వైపూ జహీరాబాద్ వైపూ జొన్న చేలల్లో ఫిబ్రవరి, మార్చిలో చూడు. ఆగ్నేయ యూరప్‌కి, టర్కీ, ఇరాన్ వైపు పోయే పిట్ట అది. దిగాల్సిన చోటు దాటి ఎక్కువ దూరం ఎగిరితే ఫెయిర్ ఐల్ లాంటి చోట తేలుతుంది.

---

ఉత్తరగాలి
జూన్ 3, రాత్రి 11:40

పొగమంచు. విమానం రాలేదు, రేపూ రాకపోవచ్చు. షెట్లాండ్ ప్రధాన దీవి నుంచి ఇక్కడికి ఎనిమిది మంది పట్టే చిన్న విమానం వస్తుంది, పాతిక నిమిషాలే ప్రయాణం, కానీ మంచు పడితే అంతే. రేపు గుడ్ షెపర్డ్ పడవ వెళ్తే అందులో పోతాను. రెండున్నర గంటలు, అల ఎక్కువుంటే కడుపు తిప్పుతుంది అంటున్నారు.

ఉండిపోవడం మంచిదైంది. సాయంత్రం గోడ మీద ఒక రోజ్‌ఫించ్ పాడింది. మగదే, కానీ పోయిన ఏడు పుట్టింది, ఇంకా ఎరుపు రాలేదు. పిచ్చుకలాగే గోధుమ రంగు, చిన్న నల్ల కన్ను, లావు ముక్కు. పాట మాత్రం పూర్తిగా వచ్చేసింది, ఈల వేసినట్టు. రాత్రి పదకొండింటికి కూడా ఇక్కడ చీకటి పడదు, పుస్తకం చదివేంత వెలుతురుంది. లెక్క చదివేటప్పుడు 'కామన్ రోజ్‌ఫించ్, ఒకటి' అని చెప్పే అవకాశం నాకే వచ్చింది. బ్లైత్స్ రీడ్ ఒకటో తేదీ నుంచి లేదు. మూడు రోజులుగా ఆ మడికి సున్నా రాస్తున్నాం.

గులాబీ గోరింక కనపడలేదు. గోరింకల గుంపులన్నీ చూశాను.

---

కొల్లేటి మాస్టారు
జూన్ 4, ఉదయం 5:50

రోజ్‌ఫించ్ అంటే మన వెదురు పిచ్చుకే కదూ? మారేడుమిల్లి పోయినప్పుడు చలికాలంలో వెదురు పొదల్లో చూశాను, గింజలు తింటూ. పాట ఎప్పుడూ వినలేదు. రికార్డింగ్ ఉంటే పెట్టు నాయనా.

నా తేదీలు పట్టికలో ఎక్కించడం నాకు చేతకావట్లేదు. మనవడు ఆదివారం వస్తాడు, వాడి చేత చేయిస్తాను.

---

చెరువుగట్టు
జూన్ 4, ఉదయం 7:15

మాస్టారూ, మీరు పేజీలు ఫోన్ల ఫొటో తీసి పంపుండ్రి, నేను ఎక్కిస్త. అక్కా, నావి ఎక్కించిన. 'వెతికినా కనపడని తేదీ' కింద మే నెలంత పెట్టిన, ఈ నెల కూడ రాస్త.

---

రెక్కలచప్పుడు
జూన్ 4, ఉదయం 7:40

చూశాను తమ్ముడూ, బాగుంది. వెతికింది ఎంతసేపో కూడా ప్రతి వరసలో రాయి. మాస్టారూ, ఫొటో తీసేటప్పుడు పేజీ మీద సంవత్సరం కనిపించేలా చూడండి.